మన బ్యాచుల్లో పోయినవాళ్ళు: ఒక్కొక్కరి గురించి ఒక్క సంగతి రాయండి

పాత వాల్తేరు (జియాలజీ, 1977–79)
ఫిబ్రవరి 8, ఉదయం 6:12

అందరికీ నమస్కారం. ఏప్రిల్ 26కి మన ఆంధ్రా యూనివర్సిటీకి నూరేళ్ళు నిండుతాయి. 1926లో బెజవాడలో పుట్టి, నాలుగేళ్ళకి వాల్తేరు కొండెక్కి కూర్చుంది. ఆ సందర్భంగా 1975–80 మధ్య హాస్టళ్ళలో ఉన్నవాళ్ళం ఒక చిన్న పుస్తకం వేసుకుందాం అనుకున్నాం కదా. అందులో పోయినవాళ్ళ పేజీలు నా నెత్తిన పడ్డాయి.

వాట్సాప్‌లో అడిగితే ఇప్పటికి నలభై మూడు పేర్లు వచ్చాయి. పేర్లతో పాటు వచ్చినవి: మంచి మనిషి, స్నేహశీలి, అజాతశత్రువు, తీరని లోటు, దండాలు పెట్టే చేతులు రెండు. నలభై మూడుగురికీ ఇదే అచ్చేస్తే ఒకరి ఫోటో కింద ఇంకొకరి సంగతి పడినా ఎవరికీ తెలీదు. పైగా ఆ అజాతశత్రువుల్లో ఒకడు మెస్ ఎన్నికల్లో నా చొక్కా చింపాడు.

నా మనవి ఒకటే. మీరు కళ్ళారా చూసిన సంగతి ఒక్కటి రాయండి చాలు. పొగడక్కర్లేదు. పేర్లు ఇక్కడ బయట పెట్టొద్దు, పుస్తకంలో ఇంట్లోవాళ్ళని అడిగి వేద్దాం.

నాతోనే మొదలుపెడతాను. నా రూమ్మేటు 1996లో గుండెపోటుతో పోయాడు. వాడు హాస్టల్‌కి వస్తూ ఇంటినుంచి స్టీలు కంచం తెచ్చుకున్నాడు. వెనక చుక్కల అక్షరాలతో ఆడపిల్ల పేరు, రెండక్షరాలే, దాని కింద 11-5-74. ఎవరని అడిగితే "నీకెందుకురా" అనేవాడు. వాడు చెప్పకపోతే మేం ఊరుకుంటామా, కథ అల్లేశాం. మేనరికమని ఒకడు, టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పరిచయమని ఇంకొకడు. అనంతగిరి వైపు ఫీల్డ్‌వర్క్‌కి వెళ్ళినప్పుడు ఖోండలైట్ పొడి అందులోనే కడిగేవాడు. మన తూర్పు కనుమల నిండా ఉన్నది ఆ రాయే, ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. మట్టి తేరుకున్నాక గార్నెట్ గింజలు కంచం అడుగున ఎర్రగా మిగిలేవి, కంది గింజల్లా. తినే కంచంలో ఇదేంపనిరా అంటే "నీ చేతికంటే రాయి శుభ్రం" అన్నాడు.

హాస్టల్ ఖాళీ చేసిన రోజు కంగారులో కంచాలు మారిపోయాయి. వాడిది నా ట్రంకుపెట్టెలో వచ్చింది. ఇచ్చేస్తా ఇచ్చేస్తా అంటూనే పదిహేడేళ్ళు గడిపేశాను. ఆ తరవాత ఇవ్వడానికి వాడు లేడు. ఇప్పటికీ నేను అందులోనే తింటున్నాను.

అవుట్‌గేట్ టీ (కామర్స్, 1976–78)
ఫిబ్రవరి 8, ఉదయం 9:40

బాగుంది గురువుగారూ. శీర్షిక మాత్రం "కీర్తిశేషులు" అని పెట్టకండి. కీర్తి మిగిల్చి పోయినవాడు కీర్తిశేషుడు. మావాడు మిగిల్చింది బాకీ. బాకీశేషుడనాలి. నిజానికి బాకీ నాది, శేషం వాడిది.

రోజూ సాయంత్రం అవుట్‌గేట్ దగ్గర టీ తాగేవాళ్ళం. ఎవరు ఎన్ని తాగారో, డబ్బులెవరు కట్టారో వాడు రెండు రూళ్ళ నోటుబుక్కులో రాసేవాడు. కామర్స్ కదా, డెబిట్ ఎడమ పక్క, క్రెడిట్ కుడి పక్క. సిగరెట్లకి వేరే పద్దు. రెండేళ్ళయ్యాక చూస్తే నేను వాడికి పదకొండు రూపాయల నలభై పైసలు ఇవ్వాలి. ఇస్తే తీసుకోలేదు. "పద్దు మూసేస్తే నువ్వు ఉత్తరాలు రాయవురా" అన్నాడు. 1978 నుంచి ప్రతి సంక్రాంతికీ కార్డు వేసేవాడు. అందులో ఒకటే ముక్క: "నిలవ రూ. 11.40."

2021 మేలో కరోనాకి పోయాడు. ఎవరం వెళ్ళలేకపోయాం. ఇంట్లో నలుగురూ మంచాన ఉన్నారు, దహనం ఎవరు చేశారో కూడా తరవాత తెలిసింది. పుస్తకంలో నావంతుగా ఇదే వేయండి.

లెక్కల మాస్టారు (గణితం, 1974–76)
ఫిబ్రవరి 8, మధ్యాహ్నం 2:05

అయ్యా, టీలూ కంచాలూ సరే. నూరేళ్ళ సందర్భంలో మొదటి పేజీ పెద్దవాళ్ళకి ఇవ్వడం మర్యాద. గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు మన గణితశాఖ నుంచి 1940లో ఎం.ఏ. ఫస్ట్ ర్యాంకుతో బయటికెళ్ళారు. ఇరవై ఐదేళ్ళు నిండే నాటికి, 1945లో అచ్చయిన ఒకే వ్యాసంలో, స్టాటిస్టిక్స్‌లో ఆయన పేరుతో నిలిచిన క్రామర్–రావు అసమానత, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కడ స్టాటిస్టిక్స్ చెప్పినా ఆ పేరు పలక్కుండా కోర్సు పూర్తికాదు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు. ఆ ఆగస్టు 22న అమెరికాలో కాలం చేశారు, 103వ పుట్టినరోజుకి ఇంకా పందొమ్మిది రోజులు ఉండగా. అలాంటివారిని వదిలేసి పదకొండు రూపాయల నలభై పైసలా?

పాత వాల్తేరు
ఫిబ్రవరి 8, సాయంత్రం 5:30

మాస్టారూ, కోపం వద్దు. ఆయన పోయినప్పుడు దేశంలో పేపర్లన్నీ రాశాయి. ఆ నోటుబుక్కు సంగతి మనం రాయకపోతే రాసేవాళ్ళు ఇంకెవరున్నారు? అయినా మీరు ఇచ్చినవి తేదీలు, బిరుదులు. నా షరతు ఆయనకీ వర్తిస్తుంది. మనిషి కనపడే సంగతి ఒక్కటి చెప్పండి, మొదటి పేజీ మీదే.

లెక్కల మాస్టారు
ఫిబ్రవరి 8, రాత్రి 8:15

సరే వినండి. ఎం.ఏ. అయ్యాక ఉద్యోగం లేదు. యుద్ధం రోజులు. సైన్యంలో సర్వే విభాగానికి లెక్కలు వచ్చినవాళ్ళు కావాలంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. దిగిన హోటల్లో పరిచయమైన ఒకాయన, నేను ఇక్కడ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకి వచ్చాను అన్నాడు. ఈయన అదేమిటో చూసొద్దామని వెళ్ళి, 1941 జనవరిలో అక్కడే చేరిపోయారు. ఆ సంస్థలోనే దాదాపు నలభై ఏళ్ళు. హోటల్లో భోజనాల దగ్గర మాట కలవకపోతే ఏమయ్యేదో.

ఇంకొకటి. చిన్నప్పుడు వాళ్ళమ్మగారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనెదీపం వెలిగించి చదువుకోమనేవారట. పెద్దయ్యాక ఒక పుస్తకం ఆవిడకే అంకితమిస్తూ ఆయనే రాసుకున్నారు. చాలా?

అవుట్‌గేట్ టీ
ఫిబ్రవరి 8, రాత్రి 8:22

చాలు మాస్టారూ. చూశారా, ఆయన కథలోనూ హోటలే ఉంది.

లేడీస్ హాస్టల్ (తెలుగు, 1977–79)
ఫిబ్రవరి 9, ఉదయం 11:00

మీ నలభై మూడు పేర్లలో ఆడవాళ్ళు ఎందరు? నేను లెక్కపెట్టాను, నలుగురు. మా హాస్టల్‌లో అందరం చిరంజీవులమనుకున్నారా? మేం పోయినా మీకు తెలీదు, అంతే. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారుతుంది. పేపర్లో వేసేది ఆ పేరు. కొందరికి అదీ ఉండదు, "ఫలానా వారి సతీమణి స్వర్గస్థులైనారు". రిజిస్టర్లో ఉన్న ఇంటిపేరుతో వెతికితే మేం దొరకం.

నా స్నేహితురాలు అలాగే పోయింది. మూడేళ్ళకి తెలిసింది నాకు. ఆ మూడేళ్ళూ పుట్టినరోజుకి మెసేజ్ పెట్టాను, జవాబు రాకపోతే బిజీ అనుకున్నాను.

ఆమెది పొందూరు. హాస్టల్లో చేరిన రోజు పెట్టె తెరిస్తే పైనే వాలుగ చేప దవడ ఎముక. సన్నటి పళ్ళు వరసగా, దువ్వెనలా. పక్క మంచం పిల్ల కెవ్వుమంది. "అరవకే, మా అమ్మమ్మది" అంది. అమ్మమ్మ దవడ అనుకుని ఆ పిల్ల ఇంకా గట్టిగా అరిచింది. పొందూరు నూలు అంత సన్నగా రావడానికి ముందు పత్తిని ఆ పళ్ళతోనే దువ్వుతారు. దువ్వి చూపించింది మాకు. గింజ చుట్టూ ఉన్న దూది పొగలా విడిపోయింది.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు వృత్తిపదాలు సేకరించారు గుర్తుందా? ఆయనా మన ఆనర్స్ విద్యార్థే, 1948. 2012 ఆగస్టులో పోయారు. మాండలిక వృత్తిపదకోశంలో 1962లో మొదటి సంపుటం వ్యవసాయం, 1971లో రెండోది చేనేత. ఆ చేనేత సంపుటం ఈమె దగ్గరుండేది. పడుగు, పేక, కండె, ఆసు అని ఒక్కో మాటే చూసుకుంటూ పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టేది. కొన్నిచోట్ల "మా ఇంట్లో ఇలా అనరు" అని రాసేది. ఒకచోట "మా నాన్న అంటాడు, అమ్మ అనదు" అని ఉంది. లెక్చరర్ చూసి నవ్వి, ఇదే థీసిస్‌గా రాయమన్నారు. రాయలేదు. ఆ వేసవిలో పెళ్ళి చేశారు.

ఆ పుస్తకం ఎక్కడుందో వాళ్ళబ్బాయిని అడిగాను. ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పోయిందేమో అన్నాడు. తప్పు పట్టను, వాడికెలా తెలుస్తుంది.

నాగావళి (ఇంజినీరింగ్, 1975–80, ఊరు శ్రీకాకుళం దగ్గర, ఉండేది న్యూజెర్సీ)
ఫిబ్రవరి 9, రాత్రి 10:45

అమ్మా, మీరు రాసింది చదివి మా ఆవిడకి చదివి వినిపించాను. వాళ్ళదీ పొందూరు పక్కే. ఆ ఎముక వాళ్ళింట్లోనూ ఉండేదట, దూలానికి దోపి.

పాత వాల్తేరు గారూ, జాబితా నేను ఎక్సెల్‌లో వేస్తున్నాను. ఆడవాళ్ళకి రెండు గళ్ళు పెట్టాను, పుట్టింటిపేరు, మెట్టింటిపేరు. 1 నుంచి 43 దాకా పంపాను, తప్పులుంటే చెప్పండి. 17వ నంబరాయన 2019లో పోయినట్టు ఇద్దరు చెప్పారు.

తగరపువలస (ఫిజిక్స్, 1976–78)
ఫిబ్రవరి 10, ఉదయం 5:50

పదిహేడో నంబరు నేనే. 2019లో పోయింది మా అన్నయ్య. ఇనీషియల్స్ ఒకటే మా ఇద్దరికీ. నిన్న రాత్రి మీ జాబితా చూసి మా ఆవిడ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు, దెయ్యాలకి దాహం ఉండదంది.

ఎలాగూ వేశారు కాబట్టి నా గురించి ఏం రాశారో చదివాను. "మృదుస్వభావి." అంతేనా? రెండేళ్ళు మీకందరికీ ప్రాక్టికల్ రికార్డులు గీసిచ్చాను కదరా. ఒక్కడూ ఆ మాట రాయలేదు.

నాగావళి
ఫిబ్రవరి 10, ఉదయం 7:20

క్షమించాల! ఇప్పుడే తీసేశాను. గండం గడిచింది, ఇంక నూరేళ్ళు మీకే.

సీలేరు (ఎకనామిక్స్, 1975–77)
ఫిబ్రవరి 11, సాయంత్రం 4:10

ఒక సందేహం. 29వ నంబరు అబ్బాయి మొదటి సంవత్సరం సగంలోనే మానేశాడు. పట్టా లేదు. పూర్వ విద్యార్థుల్లో వేయొచ్చా? వేస్తే రేపు ఎవరైనా ప్రశ్నిస్తారు.

లెక్కల మాస్టారు
ఫిబ్రవరి 11, సాయంత్రం 6:00

పూర్వ విద్యార్థి అంటే పూర్వం చదివినవాడు. పాసైనవాడని ఆ మాటలో ఎక్కడా లేదు. వేయండి. వాళ్ళ నాన్నగారు పోతే పొలం చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. వెళ్తూ నాకు లాగరిథమ్ పట్టికల పుస్తకం ఇచ్చాడు. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినంతకాలం నా బల్ల మీద ఉంది. అట్ట మీద వాడి రోల్ నంబరు ఇంకా కనిపిస్తుంది.

కొత్తవలస (కెమిస్ట్రీ, 1978–80)
ఫిబ్రవరి 12, రాత్రి 11:30

నేను అడగాలా వద్దా అని నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. 36వ నంబరు నా స్నేహితుడు. ఎలా పోయాడో మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు, తనంతట తనే పోయాడు. అందుకే వాడి మాట ఎవరూ ఎత్తరు. నలభై ఏళ్ళుగా ఏ కలయికలోనూ వాడి పేరు వినలేదు. ఇప్పుడు రాస్తే ఏం రాయాలి? రాయకపోతే మళ్ళీ వదిలేసినట్టే కదా.

లేడీస్ హాస్టల్
ఫిబ్రవరి 13, ఉదయం 6:30

ఎలా పోయాడో రాయక్కర్లేదు నాయనా. మిగతావాళ్ళకి మాత్రం చావు గురించే రాస్తున్నామా? పోకముందు ఇరవై పైచిలుకు ఏళ్ళు బతికాడు కదా, అందులో ఒక రోజు రాయి. వాళ్ళింట్లో చదివినా కష్టం కలగనిది. మాకూ గుర్తున్నాడు. బీచి రోడ్డు మీద ఎదురుగాలికి సైకిల్ తొక్కలేక దిగి నడిపించుకెళ్తూ, మమ్మల్ని చూసి మళ్ళీ ఎక్కేవాడు.

కొత్తవలస
ఫిబ్రవరి 13, ఉదయం 7:05

అవును. ఎక్కేవాడు. అదే రాస్తాను.

అరండల్‌పేట (మా నాన్నగారి తరఫున)
ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 12:20

మీ సంవత్సరాల్లోకి రాడు, అయినా చెప్పాలనిపించింది. మా నాన్న ఏయూలోనే డిగ్రీ చేశాడు, వాల్తేరు చూడకుండా. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి కదా. ఆ తరవాత యూనివర్సిటీని గుంటూరుకి తరలించారు. క్యాంపస్ సైన్యం చేతికి వెళ్ళింది. యుద్ధం ముగిశాక వాల్తేరు తిరిగి వెళ్ళేసరికి నాన్న చదువు అయిపోయింది.

"మా కాలేజీ సముద్రం ఒడ్డున ఉంటుంది" అని చెప్పేవాడు, తాను చదివింది గుంటూరు ఎండలో. ఒకసారి తీసుకెళ్తానంటే 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చింది. అక్టోబరు 12 తరవాత క్యాంపస్ చెట్లన్నీ పడి ఉన్న ఫోటోలు పేపర్లో చూసి, మళ్ళీ పెరిగాక వెళ్దాంలే అన్నాడు. ఆ మాటకి ఆయనకి తొంభై దాటాయి.

పాత వాల్తేరు
ఫిబ్రవరి 14, సాయంత్రం 5:00

మా సంవత్సరాలు పక్కన పెడుతున్నాను. మీ నాన్నగారిది తప్పకుండా వేస్తాం.

నాగావళి
ఫిబ్రవరి 16, రాత్రి 9:30

పాత వాల్తేరు గారూ, మీ రూమ్మేటు ఇంటివాళ్ళ అనుమతి సంగతి. వాళ్ళ ఊరు మా పిన్నిగారి ఊరికి రెండు మైళ్ళు. కబురు పెట్టాను. అతని చెల్లెలు అక్కడే ఉన్నారట. మీరు రాసింది వాళ్ళ మనవరాలు ఫోనులో చదివి వినిపించిందట. ఆవిడే ఇక్కడ రాస్తానన్నారు. రాయించేది మనవరాలు.

కొత్త సభ్యురాలు
ఫిబ్రవరి 17, ఉదయం 10:15

అన్నయ్యగారికి నమస్కారములు. అన్నయ్య స్నేహితులు కాబట్టి అలాగే పిలుస్తున్నాను.

ఆ కంచం నాది. ఆ రెండక్షరాలు నా పేరే. మీరందరూ మేనరికం అనీ టైపు అనీ అనుకున్నారని చదివి ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. 1974 వేసవిలో స్టీలు సామాన్లవాడు వస్తే, అమ్మ తన పెళ్ళినాటి జరీ చీర ఇచ్చి ఆ కంచం తీసుకుంది. ఇంట్లో మొదటి స్టీలు కంచం. మిగతావన్నీ సత్తువి. నాకు పదకొండేళ్ళు, ఏడిచి నా పేరు చెక్కించుకున్నాను. అన్నయ్య వాల్తేరు వెళ్ళేటప్పుడు, హాస్టల్లో పదిమందిలో సత్తు కంచం పెట్టుకుంటే నామోషీ అని అమ్మ అది సర్దింది. నేను సంక్రాంతి దాకా వాడితో మాట్లాడలేదు. చదువవగానే తెచ్చిస్తానని ఒట్టేశాడు. అందుకే మీకు చెప్పి ఉండడు, చెల్లెలి కంచం లాక్కొచ్చానంటే ఏం బాగుంటుంది.

తెచ్చాడు కూడా, వేరేది. వెనక తిప్పి చూస్తే ఎవరో తాతగారి పేరు. మళ్ళీ ఏడిచాను. "ఈసారి వెళ్ళినప్పుడు మార్చుకొస్తా" అన్నాడు. ప్రతిసారీ అదే మాట.

పుస్తకంలో వాడి పేరు, ఫోటో వేసుకోండి. ఫోటో మనవరాలు పంపుతుంది. అందులో కళ్ళజోడు లేదు, ఎప్పుడూ ఉండేది.

పాత వాల్తేరు
ఫిబ్రవరి 17, ఉదయం 11:40

అమ్మా, ఆ తాతగారు మా తాతగారే. మా నాయనమ్మ చెక్కించింది.

నీ కంచం రోజూ తోమీ తోమీ తేదీలో 74 అరిగిపోయింది. నీ పేరులో రెండో అక్షరం మాత్రం ఇంకా వేలికి తగులుతుంది. వచ్చే నెల శ్రీకాకుళం వస్తున్నాను. నా చేత్తో తెచ్చిస్తాను. మా తాతగారి కంచం ఉంటే ఒకసారి చూస్తాను, తీసుకెళ్ళను.

కొత్త సభ్యురాలు
ఫిబ్రవరి 17, మధ్యాహ్నం 1:30

రండి అన్నయ్యగారూ. భోజనానికే రండి. మీ తాతగారిది ఉందిగానీ, అంచు చీలితే పెరట్లో పెట్టేశాం. కోళ్ళకి నూకలు అందులోనే పోస్తున్నాం. మీరొచ్చేలోపు తోమించి ఉంచుతాను.